ఎపీతో మొదలు: కాలేజీ ఫెన్సింగ్ క్లబ్ జమాఖర్చుల లాగ్, 2024-25

కోస్తాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, అందులో ఫెన్సింగ్ (కత్తిసాము ఆట) క్లబ్. సభ్యులు 12 మంది, అందులో ఇద్దరిది ఎడమచేతి వాటం. సాధన ఇండోర్ బ్యాడ్మింటన్ హాల్లో. ఈ లాగ్‌లో ఆట తక్కువ, డబ్బు ఎక్కువ: ఏ ఖర్చు ఎవరి జేబులోంచి రావాలి, ఏ కాగితం మీద రావాలి, వచ్చినది ఎక్కడ కారిపోతుంది.

జూన్: ఏ ఆయుధం?

ఫెన్సింగ్ కత్తులు మూడు రకాలు: ఫాయిల్, ఎపీ, సేబర్. డబ్బు లెక్క మొత్తం ఈ ఒక్క నిర్ణయం మీదే నిలబడుతుంది. ఫాయిల్‌కి, సేబర్‌కి కరెంటు స్కోరింగ్ (కత్తి తగిలితే లైటు వెలిగే పద్ధతి) పెట్టాలంటే ప్రతి ఆటగాడికీ లోహపు దారాలతో నేసిన లామే జాకెట్ ఉండాలి. సేబర్‌కైతే మాస్కూ, గ్లవ్ మీది కఫ్ కూడా కరెంటు పారేవే కావాలి. ఎపీలో తల నుంచి పాదం దాకా అంతా టార్గెట్టే కాబట్టి లామేతో పనే లేదు. పైగా లామే ఒకసారి కొని వదిలేసే వస్తువు కాదు. చెమట ఉప్పుకి దారాలు నల్లబడి తెగుతాయి, గుడ్డలో ఏ రెండు చోట్ల మధ్యైనా నిరోధం 5 ఓంలు దాటితే తనిఖీలో తీసి పక్కన పెడతారు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో చెమట ఆరకుండా సంచిలో కుక్కిన లామేకి ఆయుష్షు తక్కువ.

రెండో లాభం రిఫరీ ఖర్చు. ఫాయిల్, సేబర్‌లలో రెండు లైట్లూ వెలిగితే దాడి హక్కు ఎవరిదో తేల్చడానికి శిక్షణ ఉన్న కన్ను కావాలి. ఎపీలో ఆ గొడవ లేదు, దాదాపు ఒకేసారి తగిలితే ఇద్దరికీ పాయింటే. సీనియర్ విద్యార్థి ఎవరైనా బౌట్ (ఇద్దరి మధ్య పోరు) నడిపించేయొచ్చు.

ఫాయిల్‌తో మొదలుపెడితే పునాది గట్టిపడుతుందని కోచ్‌లు అంటారు. అది నిజమే. కానీ ఆ వాదన కోచ్ జీతం ఉన్న చోట చెల్లుతుంది. సేబర్ కావాలని అడిగేవాళ్లూ ఉంటారు, ఎందుకంటే టోక్యో ఒలింపిక్స్‌లో ఆడి, ఆ మెట్టెక్కిన తొలి భారతీయ ఫెన్సర్‌గా నిలిచిన చెన్నై అమ్మాయి భవానీ దేవిది సేబరే. ఆమే మొదట్లో వెదురు కర్రలతో సాధన చేసి, ఖరీదైన కత్తుల్ని పోటీలకని దాచుకున్న సంగతి కూడా వాళ్లకు చెప్పాలి.

జులై: పీడీ గారికి ఇచ్చే కాగితం

అడ్మిషన్ అప్పుడు అందరూ కట్టే స్పోర్ట్స్ ఫీజే మొదటి ఆధారం. అది గేమ్స్ కమిటీ చేతిలో ఉంటుంది, కమిటీ ముందుకు ఫైలు తీసుకెళ్లేది ఫిజికల్ డైరెక్టర్. అర్జీ ఒక పేజీ దాటకూడదు: సభ్యుల జాబితా రోల్ నంబర్లతో, హాలు సమయాలు, మూడు కొటేషన్లు, భద్రత గురించి నాలుగు వాక్యాలు. "కత్తులు" అనే మాట చూసి ప్రిన్సిపాల్ ఆఫీసులో ఫైలు ఆగిపోవడం మామూలే. బ్లేడుకి పదును ఉండదనీ, కొన మొద్దుగా స్ప్రింగ్ బటన్‌లా ఉంటుందనీ, మాస్క్ లేకుండా ఎవరూ ఎవరి మీదికీ కత్తి ఎత్తరనీ ముందే రాసేస్తే ఒక వారం మిగులుతుంది.

అసలు మెలిక కొటేషన్ రాయించే తీరులో ఉంది. షాపువాళ్లు "ఎలక్ట్రిక్ ఎపీ, కంప్లీట్" అని ఒకే పద్దు రాస్తారు. అది స్టాక్ రిజిస్టర్‌లో శాశ్వత వస్తువుగా ఎక్కుతుంది. బ్లేడు విరిగాక ఏడాది చివర వెరిఫికేషన్‌లో ఆరు ఎపీలకు నాలుగే కనిపిస్తాయి, ఇక కండెమ్ (పనికిరానిదని రిజిస్టర్ నుంచి తీసేయడం) చేయించడానికి కమిటీ, సంతకాలు, మళ్లీ కమిటీ. అందుకే కొటేషన్‌లోనే విడగొట్టించాలి: గార్డ్ (చేతికి అడ్డుండే గిన్నె), గ్రిప్ (పిడి), పోమెల్ (పిడి చివరి బిరడా), సాకెట్ (వైరు గుచ్చే చోటు) ఒక పద్దు, వైర్ వేసిన బ్లేడు ఇంకో పద్దు. బ్లేడు, టిప్ (కొన మీది బటన్), స్ప్రింగులు, బాడీ వైర్ (జాకెట్ లోపలినుంచి కత్తిని స్కోరింగ్ లైనుకి కలిపే వైరు) అన్నీ కన్స్యూమబుల్స్ కింద, షటిల్ కాక్‌ల వరసలో రాయించాలి. ఏటా షటిల్స్ ఎందుకు కొంటున్నారని ఏ ఆడిటరూ అడగడు.

ధరలు కొటేషన్‌కీ కొటేషన్‌కీ మారతాయి కనుక ఇక్కడ వాటాలే రాస్తున్నాం. లక్ష మంజూరైతే 50 వేలు రక్షణ సామగ్రికి, 25 వేలు ఆయుధాలకి, 10 వేలు స్కోరింగ్‌కి, 10 వేలు విడిభాగాలకి, మిగతా 5 వేలు రవాణాకి. మంజూరు 60 వేలకు తగ్గితే వాటాలు అలాగే ఉంచి సెట్ల సంఖ్య తగ్గించాలి. విడిభాగాల పదివేలనే ముందు కొట్టేస్తారు. అది పోతే అక్టోబర్‌కల్లా సగం ఎపీలు గోడకి వేలాడతాయి. ధరలో జీఎస్టీ కలిసిందో లేదో ప్రతి కొటేషన్‌లోనూ రాయించుకోవాలి, లేకపోతే మూడింటినీ పోల్చడం కుదరదు.

ఆగస్టు: కొన్నవి, కొనకూడనివి

12 మందికి 12 సెట్లు అక్కర్లేదు. సగం మంది ఫుట్‌వర్క్‌లో ఉంటే సగం మంది ఆడతారు, ఇద్దరు ఎప్పుడూ ఏదో ల్యాబ్‌లో ఉంటారు. ఆరు సెట్లతో నడుస్తుంది, ఎనిమిది హాయి. ఒక సెట్ అంటే మాస్క్, జాకెట్, లోపల తొడిగే ప్లాస్ట్రన్ (చంక వైపు అదనపు రక్షణ). అమ్మాయిలకు గట్టి ఛాతీ కవచం తప్పనిసరి, అది జాకెట్ కొలతతో పాటే ఆర్డర్ పెట్టాలి. ప్యాంటు మొదటి ఏడాది వద్దు. సాధనకి జేబులు లేని మందపాటి ట్రాక్ ప్యాంటు చాలు, జేబుంటే కొన అందులో ఇరుక్కుంటుంది.

మాస్క్, జాకెట్ యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 13567 ముద్ర ఉన్నవే, కనీసం 350 న్యూటన్ల గుచ్చుడు బలాన్ని తట్టుకునేవి. ప్లాస్ట్రన్ మాత్రం 800 న్యూటన్లది తీసుకోవాలి. విరిగిన బ్లేడు ముందుగా వెతుక్కునేది చంక దగ్గరి సందునే. అంతర్జాతీయ ఫెన్సింగ్ సమాఖ్య (ఎఫ్ఐఈ) ముద్ర ఉన్న 1600 న్యూటన్ల మాస్క్ అంతర్జాతీయ పోటీల అవసరం. పోటీ సర్క్యులర్‌లో అడిగితే తప్ప క్లబ్ డబ్బు అక్కడ పెట్టొద్దు.

ఎడమచేతివాళ్లకి వేరే జాకెట్ కొనే బదులు వెనక జిప్ ఉన్నవి తీసుకుంటే ఎవరికైనా సరిపోతాయి. వేళ్లకి తగ్గ వంపులున్న పిస్టల్ గ్రిప్‌లు చేతివాటాన్ని బట్టి వేరువేరు, వంపు లేని ఫ్రెంచ్ గ్రిప్ అయితే రెండు చేతులకీ నడుస్తుంది. గ్లవ్ మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. ఇందులో పొదుపు కంటే చర్మరోగాల భయం ఎక్కువ. సభ్యత్వ రుసుముగా నగదు అడిగే కన్నా "ఒక గ్లవ్, ఒక బాడీ వైర్ మీది" అంటే వసూలు తేలిక, సొంత వైర్‌ని ఎవరూ నేల మీద ఈడ్వరు.

పాత మాస్క్‌లు దానంగా వస్తే సంతోషించే ముందు జాలీ చూడాలి. తుప్పు చుక్కలున్నా, బొటనవేళ్లతో గట్టిగా నొక్కితే లోపలికి పోయినా సాధనకి పనికిరాదు. ప్రదర్శన బల్ల మీద పెట్టుకోవచ్చు.

బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, పిస్ట్ (ఆట జరిగే పట్టీ) పొడవు 14. కోర్టు గీతల వెనక ఖాళీ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. 6.1 మీటర్ల వెడల్పులో మీటరున్నర పిస్ట్‌లు రెండు దూరంగా పడతాయి. గీతలకి మాస్కింగ్ టేపు చాలు. లోహపు పిస్ట్ గురించి ఆలోచించొద్దు. అది లేకపోతే కొన నేలకి తగిలినా లైటు వెలుగుతుంది, బౌట్ నడిపేవాడు పాదాల దగ్గర కళ్లు పెట్టుకోవాలి, అంతే.

అక్టోబర్: కారిపోయే డబ్బు

ఎపీ ఆగిపోతే అనుమానం ఈ వరసలో: బాడీ వైర్, టిప్, సాకెట్, చివరికి బ్లేడు వైరు. కొత్తవాళ్లు నేరుగా బ్లేడు మార్చమంటారు. మల్టీమీటర్ ఒకటి క్లబ్ పెట్టెలోనే ఉండాలి. బాడీ వైర్‌లో ఒక్కో తీగ నిరోధం 1 ఓం లోపు రావాలి. ప్లగ్ మొదట్లో వైరు మెలితిరిగిన చోటే ఎక్కువగా తెగుతుంది, రెండు సెంటీమీటర్లు కోసి మళ్లీ బిగిస్తే ఖర్చు సున్నా.

టిప్ దగ్గర చూడాల్సినవి రెండు. 750 గ్రాముల బరువు పెట్టినప్పుడు స్ప్రింగ్ దాన్ని పైకి లేపి లైటు ఆర్పాలి. లేపలేదంటే పెద్ద స్ప్రింగ్ అలిసిపోయింది. టిప్‌కీ దాన్ని పట్టే గొట్టం బ్యారెల్‌కీ మధ్య 1.5 మిల్లీమీటర్ల రేకు దూరాలి, 0.5 రేకు పెట్టి నొక్కితే లైటు వెలగకూడదు. వెలిగితే లోపలి చిన్న స్ప్రింగ్‌ని కాస్త పొట్టి చేయాలి. బరువూ రేకులూ కొనక్కర్లేదు, కాలేజీ వర్క్‌షాప్‌లో లేత్ మీద దిగుతాయి, కెమిస్ట్రీ ల్యాబ్ తూకంలో సరిచూసుకోవచ్చు. టిప్‌ని పట్టి ఉంచే రెండు స్క్రూలు ఆవగింజంత ఉంటాయి, నేల మీద పడితే దొరకవు. టిప్ విప్పేటప్పుడు కింద తెల్ల గుడ్డ, పక్కన అయస్కాంతం. వంద స్క్రూల పొట్లం ఒకటి ముందే కొనిపెట్టాలి.

బ్లేడు వైరు తెగితే బ్లేడు పోయినట్టు కాదు. గాడిలోని పాత జిగురుని అసిటోన్‌తో మెత్తబరిచి, కొత్త వైరు దించి, బ్లేడుని వంచి పట్టుకుని పలచగా జిగురు పోయాలి. నిటారుగా ఉంచి అతికిస్తే మొదటి గట్టి తాకిడికే వైరు లాగుకుని తెగుతుంది. తుప్పుకి సన్న ఎమెరీ కాగితం, తర్వాత ఒక చుక్క కుట్టుమిషన్ నూనె. బ్లేడుకి ఎప్పుడూ ఒకే వైపు మెల్లని వంపు ఉండాలి. అటూ ఇటూ తిప్పి వంచే అలవాటే సగం బ్లేడుల్ని తింటుంది. ఆరు ఎపీలకు ఏడాదికి నాలుగు బ్లేడులు పద్దులో పెట్టుకుంటే క్షేమం.

నవంబర్: స్కోరింగ్ బాక్స్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ శాఖ) పద్దులో

తాకిళ్లకి లైట్లు వెలిగించే పెట్టే స్కోరింగ్ బాక్స్. మూడు కత్తుల్లోనూ ఎపీ సర్క్యూటే సులువు. బాడీ వైర్‌లో మూడు పిన్నులు, మధ్య పిన్నుకి ఒక పక్క 15, రెండో పక్క 20 మిల్లీమీటర్ల దూరం. టిప్ నొక్కితే 15 పక్క ఉన్న రెండు తీగలు కలుస్తాయి, మూడోది గార్డ్‌కి. ఎదుటివాడి గార్డ్‌కి తగిలినప్పుడు లైటు రాకూడదు. ఈ బాక్స్ తయారీని మినీ ప్రాజెక్టుగా పెట్టిస్తే భాగాల ఖర్చు డిపార్ట్‌మెంట్ పద్దులోకి పోతుంది, స్కోరింగ్ వాటా విడిభాగాలకి మళ్లుతుంది.

ప్రోగ్రామ్‌లో తప్పేది ఒక్కచోటే: టైమింగ్. స్పర్శ నమోదు కావడానికి అది నిలవాల్సిన కనీస కాలం 2 నుంచి 10 మిల్లీసెకండ్ల మధ్య ఉండాలి, రెండో లైటుకి గడువు 40 నుంచి 50 మిల్లీసెకండ్లు. లూప్‌లో "డిలే" (ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపే ఆదేశం) వాడిన ప్రతి బాక్సూ నిజమైన తాకిళ్లని మింగేస్తుంది. రీల్స్ (ఆటగాడి వెనక వైరుని వదులుతూ చుట్టుకునే చక్రాలు) ఖరీదు. వాటి బదులు పిస్ట్ పైన కట్టిన తాడుకి కప్పీ, సాగే తాడు వేసి వైరుని వేలాడదీస్తే సాధనకి సరిపోతుంది.

జనవరి: సంక్రాంతికి వచ్చే పూర్వ విద్యార్థులు

అడగడానికి ఇదే అదను. కానీ ఖాతా నంబర్ ఇచ్చేముందు ఒక ప్రశ్న వేయాలి: పాస్‌పోర్టు ఏ దేశానిది? భారత పౌరుడు విదేశంలో సంపాదించి, సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా సరే విదేశీ దాతే. ఆ డబ్బు తీసుకోవాలంటే పూర్వ విద్యార్థుల సంఘానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి, ఢిల్లీ మెయిన్ బ్రాంచి స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా ఉండాలి. లేనప్పుడు మర్యాదగా వద్దనాలి. మన ఊళ్లలో ఒకే బ్యాచ్‌లో రెండు రకాల పాస్‌పోర్టులూ ఉంటాయి కాబట్టి రశీదు ఫారంలోనే పౌరసత్వం గడి పెట్టేశాం.

80జీ (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు) ఆశ చూపేటప్పుడూ జాగ్రత్త. రెండు వేలు దాటిన నగదుకి మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్న జీతగాళ్లకి అసలే రాదు. పన్ను మాట వదిలేసి "మీ పేరు మీద రెండు బ్లేడులు, ఒక మాస్క్" అని వస్తువు లెక్కన అడిగితే మాట త్వరగా తెగుతుంది.

ఫిబ్రవరి: కంపెనీలు

కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో ఒలింపిక్ క్రీడల శిక్షణ ఉంది కాబట్టి సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) కింద ఫెన్సింగ్‌కి అడగొచ్చు. అయితే క్లబ్ పేరున డబ్బు రాదు. సీఎస్ఆర్-1 ఫారం నమోదు ఉన్న ట్రస్టో సొసైటీయో మధ్యలో ఉండాలి. కాలేజీని నడిపే సొసైటీకి అది ఉందేమో ముందు ఆఫీసులో కనుక్కోవాలి. కంపెనీ తన ఏడాది ప్రణాళికని ముందే ఆమోదించుకుంటుంది, అందుకే ఉత్తరం ఏప్రిల్‌కి ముందే చేరాలి. అదే ఉత్తరంలో "మీ బ్యానర్ కడతాం" అని రాయకూడదు. ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్‌గా చెల్లదు. బ్యానర్ డబ్బు ఫెస్ట్ కోసం విడిగా, ఊళ్లోని షోరూముల్ని అడగాలి. ఫెస్ట్ స్టాల్‌లో బయటివాళ్ల చేతికి ప్లాస్టిక్ కత్తులే.

మార్చి: పద్దు మూసే ముందు

31లోపు బిల్లు పెట్టని మంజూరు వెనక్కి పోతుంది. పరీక్షల హడావుడిలో ఫైలు కదలదు కనుక నెల మొదట్లోనే బిల్లులు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇచ్చేయాలి. విరిగిన బ్లేడు ముక్కలు పారేయకుండా కట్టగట్టి తేదీ చీటీతో ఉంచాలి, వెరిఫికేషన్‌కి అవే సాక్ష్యం. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల ప్రయాణం వర్సిటీ జట్టు ఖర్చు, దాన్ని క్లబ్ పద్దులో చూపొద్దు. అంతర్ కళాశాల ఎంపికలకి బస్సు ఛార్జీలు మాత్రం పీడీ గారి టీఏ (ప్రయాణ ఖర్చుల) పద్దులో రాయించాలి. వచ్చే ఏడాదికి అడగాల్సినవి: రెండు సెట్లు, నాలుగు బ్లేడులు, రీల్స్ ఒక జత. ఫాయిల్ మాట 20 మంది సభ్యులు దాటాక.