స్వీడన్ కొండల మీద మంచు, చెన్నైలో సాయంత్రం నాలుగున్నర

చలికాలం నెలల్లో మా టీమ్‌లో సాయంత్రం నాలుగున్నర అయ్యేదాకా ఎవరూ టీకి లేవరు. స్వీడన్‌లో అప్పుడు మధ్యాహ్నం 12. రేపు ఏ పావుగంటకు ఎంత కరెంటు అమ్ముతామో నార్డ్ పూల్ అనే కరెంటు మార్కెట్‌కి చెప్పేయాల్సిన గడువు అదే. ఉత్తర స్వీడన్ కొండల మీది గాలిమరలకు చెన్నైలో కూర్చుని ఆ అంచనా కట్టడం నా ఉద్యోగం. గాలి ఎంత వీస్తుందనేది ఇప్పుడు చాలావరకు సరిగ్గానే వస్తోంది. టెన్షన్ అంతా రెక్కల మీద పేరుకునే మంచు గురించే. ఆ అంచనా తప్పయితే, అమ్మేసిన కరెంటు ఇవ్వలేక ఆ లోటుకు డబ్బు కట్టుకోవాలి.

మాది రామగిరి దగ్గర పల్లె. తొంభైల నుంచీ గాలిమరలు తిరిగిన కొండలవి. అందుకే అమ్మకు నా పని సగం అర్థమవుతుంది. "అంత చలిలో అవి ఎట్ల తిరుగుతాయి నాయనా?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. చలి ఒక్కటే అయితే పెద్ద బాధ లేదు. చల్లటి దేశాల కోసం చేసే మిషన్లు మైనస్ 30 డిగ్రీల దాకా నడుస్తాయి. ఉక్కు వేరు, గ్రీజు వేరు, గేర్‌బాక్స్ ఆయిల్‌ను వెచ్చగా ఉంచే హీటర్లూ ఉంటాయి. పైగా చల్లగాలి చిక్కన, అదే వేగానికి కరెంటు కాస్త ఎక్కువే వస్తుంది. మైనస్ 25లో ఆకాశం తేటగా ఉందంటే ఆ రోజు నాకు హాయి. నాకు భయం మైనస్ 3 దగ్గర, కొండ మీదికి మబ్బు దిగిన రోజున.

ఆ మబ్బులోని నీటి తుంపరలు సున్నా దాటి చల్లబడినా గడ్డకట్టవు. ఫ్రీజర్‌లో మరిచిపోయిన నీళ్ల సీసా ఒక్కోసారి నీళ్లుగానే ఉండి, తీసి గట్టుమీద తట్టగానే కళ్లముందే గడ్డకడుతుంది చూడండి, ఇదీ అంతే. రెక్క తగలగానే ఎక్కడివక్కడ అతుక్కుపోతాయి. గాలిని కోసుకుంటూ పోయే ముందు అంచు మీద తెల్లగా, గరుకుగా, గాలికి ఎదురుగా పెరుగుతుంది ఆ మంచు. రెక్క కొస సెకనుకు 80 మీటర్ల వేగంతో పోతుంది కాబట్టి అక్కడే ఎక్కువ తుంపరలు తగులుతాయి. కరెంటులో ఎక్కువ వాటా తెచ్చేది కూడా ఆ కొస వైపు భాగమే. అంటే దెబ్బ తగలకూడని చోటే తగులుతుంది.

స్క్రీన్ మీద ఇది ఎలా కనబడుతుందో చెప్తాను. ప్రతి పది నిమిషాలకు ఒక చుక్క పడుతుంది, గాలివేగం ఒకవైపు, కరెంటు ఒకవైపు. మామూలు రోజున చుక్కలన్నీ పవర్ కర్వ్ గీతను, అంటే ఎంత గాలికి ఎంత కరెంటు రావాలో చూపే గీతను, పట్టుకునే ఉంటాయి. మంచు మొదలైతే గాలి సెకనుకు 9 మీటర్ల దగ్గరే ఉన్నా చుక్కలు ఒక్కొక్కటే గీత కిందికి జారతాయి. చుక్కలు గీతకు పైన పడ్డా సంతోషించకూడదు. గాలి కొలిచే పరికరానికే మంచు పట్టి అది గాలిని తక్కువ చూపిస్తూ ఉండవచ్చు. అందుకే వాటికీ హీటర్లు పెడతారు. కొన్ని మిషన్లలో రెక్క లోపలే సెన్సర్లుంటాయి. మంచుతో బరువెక్కిన రెక్క కంపనం నెమ్మదిస్తుంది, ఆ తేడాను అవి పట్టేస్తాయి. నాకు వీటి మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే మిషన్ ఆగి ఉన్నా గాలికి రెక్క కాస్త కదిలితే చాలు, లెక్క చెప్పగలవు.

కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పేది, మంచు పట్టే కాలం వేరు, మంచు ఉండే కాలం వేరు అని. మబ్బు ఆరు గంటల్లో వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత పొడిచలి వస్తే మంచు కరగదు, రాలదు, రోజుల తరబడి రెక్కను పట్టుకునే ఉంటుంది. నష్టమంతా ఆ తేటగా ఉన్న రోజుల్లోనే. వాతావరణ పటం చూసి "రేపు మబ్బు లేదు" అని నిశ్చింతగా ఉంటే మునిగినట్టే.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు, హెలికాప్టర్ నుంచి గాలిమర మీద ఏదో చల్లుతున్న ఫోటో ఒకటి మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరిగింది. అది టెక్సస్‌ది కాదు, అంతకు కొన్నేళ్ల ముందు స్వీడన్‌లో తీసింది. టెక్సస్‌లో గాలిమరలకు మంచు పట్టిన మాట నిజమే, కానీ ఆగిపోయిన కరెంటులో పెద్ద వాటా గ్యాస్ ప్లాంట్లది. ఆ ఒక్క ఫోటోతో నింద మొత్తం గాలిమరల మీదికి నెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రోజువారీ వైద్యం హెలికాప్టర్ కాదు, రెక్కకే వేడి పెట్టడం. ఒక పద్ధతిలో రెక్క మొదట్లో హీటరు, ఫ్యాను పెట్టి లోపల వేడిగాలి తిప్పుతారు. ఫైబర్ గ్లాస్ వేడిని సరిగా బయటికి పోనివ్వదు, రెక్క పొడుగయ్యే కొద్దీ కొసకు చేరేది తక్కువ. రెండో పద్ధతిలో ముందు అంచు పైపొర కిందే కరెంటుతో వేడెక్కే కార్బన్ పొర పరుస్తారు. వేడి కావలసిన చోటే పుడుతుంది. కానీ పిడుగుకు అది దారి కాకుండా చూసుకోవాలి, పాడైతే రిపేరూ కష్టం. ఏదైనా, మబ్బు దట్టంగా ఉన్నప్పుడు చాలీచాలని వేడి పెడితే కరిగిన నీళ్లు వెనక్కి జారి, వేడి లేని చోట మళ్లీ గడ్డకడతాయి. అదింకా పెద్ద తలనొప్పి. మంచు పలచగా ఉన్నప్పుడే వేడి మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

కరిగించిన మంచు ఎక్కడో ఒకచోట పడాలి కదా. తిరిగే రెక్క నుంచి ముక్క ఎంత దూరం పడవచ్చో తేల్చడానికి ఒక మోటు లెక్క ఉంది: రోటర్ (రెక్కలు తిరిగే వలయం) వ్యాసం, టవర్ ఎత్తు కలిపి ఒకటిన్నరతో గుణించాలి. 120 మీటర్ల రోటరు, 100 మీటర్ల టవరు అయితే 330 మీటర్లు. ఆ పరిధిలోనే సర్వీసు రోడ్డుంటుంది, స్నోమొబైల్ అనే మంచుబండి మీద వెళ్లేవాళ్లూ ఉంటారు. అందుకే మా రోజువారీ రిపోర్టులో మెగావాట్ల కింద ఇంకో వరుస కావాలని పట్టుబట్టి చేర్పించాను: మంచు రాలే అవకాశం ఏ గంటల్లో ఎక్కువ అని. ఆ వరుసకు మార్కెట్‌లో ధర లేదు. సైట్‌లో టెక్నీషియన్లు మాత్రం పొద్దున్నే బండి తీసేముందు మొదట చూసేది దాన్నే.