బొప్పి కట్టిన రోజు

మొన్న గురువారం పొద్దున మా ఊరి మునిసిపల్ పూల్‌లో నా తల గోడకు కొట్టుకుంది. వెల్లకిలా, అంటే బ్యాక్‌స్ట్రోక్ ఈదేటప్పుడు వెనక ఏముందో కనపడదు. గోడకు 5 మీటర్ల ఇవతల పైన జెండాల తోరణం కడతారు. అది దాటాక గోడ దాకా ఎన్ని చేతులు వేశామో లెక్కపెట్టుకోవాలి, నాకైతే ఆరు. నాలుగో చెయ్యి దగ్గర మీదుగా పోతున్న కొంగను చూస్తూ లెక్క మర్చిపోయా. ఠప్పుమంది.

"జెండాలు ఎందుకు కట్టామనుకున్నారు మేడమ్, పంద్రాగస్టుకా?" అన్నాడు కోచ్.

ఇంట్లో నడినెత్తిన ఐసుముక్క పెట్టుకుని కూర్చుంటే మా అమ్మాయి ఫోన్ తెచ్చి, "అమ్మా, ఈయన కావాలనే తలతో కొడతాడు చూడు" అంది.

ఆయన పేరు జెంగ్ తావో, చైనా ఈతగాడు. చిన్నప్పుడు కరెంటు షాక్ కొట్టి రెండు చేతులూ పోయాయి. 2012 లండన్ పారాలింపిక్స్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ని 1 నిమిషం 13.56 సెకన్లలో ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం కొట్టాడు. 2016 రియోలో అదే పోటీలో మళ్లీ స్వర్ణం. రెండు చేతులూ ఉన్న నాకు అందులో సగం దూరానికే 1 నిమిషం 40 సెకన్లు పడుతుంది. 'చేతుల్లేకపోయినా సాధించాడు, మనకేం రోగం' అని ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద నాకు మంటే గానీ, ఈ అంకెలు మాత్రం కాసేపు నోరు మూయించాయి.

స్టార్ట్ దగ్గర వీడియో ఆపి ఆపి చూశా. బ్యాక్‌స్ట్రోక్‌లో నీళ్లలోంచే మొదలుపెట్టాలి. మిగతావాళ్లు దిమ్మకున్న కడ్డీ పట్టుకుని వేలాడతారు. ఈయన గట్టు మీది మనిషి పట్టుకున్న తువ్వాలు కొసను పళ్లతో కరిచి, పాదాలు గోడకు తన్నిపెట్టి ఉంటాడు. బీప్ రాగానే నోరు వదిలేసి వెనక్కి దూకుతాడు. అక్కణ్నుంచి అంతా కాళ్లే.

ఇక చివర. చెయ్యి ఉన్నవాడు చాపితే వేళ్లు తలకంటే రెండడుగుల ముందే గోడను తాకుతాయి. ఈయన ఆ రెండడుగులూ అదనంగా ఈది, తలతో గోడను గుద్దాలి. నొప్పి పుడుతుందని కాస్త తగ్గితే పతకం పోతుంది. నాకు తెలియక తగిలితేనే బొప్పి కట్టింది, తెలిసి వేగం తగ్గించకుండా వెళ్లడం ఎలా ఉంటుందో!

పారా ఈతలో శారీరక వైకల్యాలకు ఎస్1 నుంచి ఎస్10 దాకా తరగతులుంటాయి, అంకె తగ్గేకొద్దీ ఇబ్బంది ఎక్కువ. లండన్, రియోల్లో ఎస్6లో ఈదిన తావో టోక్యోకి ఎస్5లో దిగాడు. కరోనా వల్ల 2021లో జరిగిన ఆ ఆటల్లో 50 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై, ఫ్రీస్టైల్ మూడూ గెలిచి, రిలేతో కలిపి నాలుగు స్వర్ణాలు పట్టుకెళ్లాడు. బ్యాక్‌స్ట్రోక్‌లో మొదటి ముగ్గురూ చైనావాళ్లే.

శనివారం పూల్‌లో ఎవరూ లేనప్పుడు నేనూ తువ్వాలు కరిచి చూశా. అటు కొస మా అమ్మాయి పట్టుకుంది. పది సెకన్లకే వదిలేశా, క్లోరిన్ వాసనొకటి. సాయంత్రం జంతిక నమలబోతే దవడ కలుక్కుమంది. పాలల్లో నానబెట్టుకుని తిన్నా.