శ్రావణ శుక్రవారం, చేపల నీళ్లు

నాలుగడుగుల గాజు తొట్టి, దాని కింద స్టాండులో ఇంకో చిన్న తొట్టి. ఆ చిన్నదాన్నే సంపు అంటారు. పై తొట్టి మూలలో గాజు పలకతో కట్టిన అరలోకి నీరు పొంగి, పైపులోంచి సంపులోకి దిగుతుంది. అక్కడ స్పాంజిలో వడకట్టుకుని మోటారు ద్వారా మళ్లీ పైకి చేరుతుంది. స్టాండు, పైపులు, నీళ్లు నింపడం అన్నీ ఒక్క ఆదివారంలో అయిపోయాయి. ఏంజెల్ చేపలు కూడా వెంటనే అలవాటు పడ్డాయి.

మోటారు నీరు పోసే పైపు మూతిని దుకాణం అతను నీటిమట్టానికి పది సెంటీమీటర్ల కింద పెట్టాడు. పైనుంచి పడితే చప్పుడు వస్తుందట. "మోటారు ఆగితే అదే పైపులోంచి నీళ్లు వెనక్కి రావా?" అని అడిగాను. "నాన్ రిటర్న్ వాల్వు వేశాను కదా సార్, చుక్క కూడా రాదు" అన్నాడు. ప్లగ్గు పీకి చూపించాడు కూడా. నిజంగానే రాలేదు. కొత్త వాల్వు కదా మరి.

మూడు నెలలు గడిచాయి. శ్రావణ మాసం, గురువారం రాత్రి హైదరాబాదులో గాలివాన. కరెంటు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు, నిద్రలో ఉన్నాను. తెల్లవారుజామున తలుపు గంట మోగింది. కింది ఫ్లాటులో ఉండే రిటైరైన మాస్టారు, ఆయన వెనుక తడి జుట్టుకు తుండు చుట్టుకుని పిన్నిగారు. నేను లేచి రెండడుగులు వేసేసరికే కాలికి నీళ్లు తగిలాయి.

వాళ్ల పూజగది సరిగ్గా మా హాలు మూల కింద ఉంది. వరలక్ష్మీ వ్రతానికి పీట కడిగి, ముగ్గు పెట్టి, బియ్యం పోసి ఉంచారట. ఆ బియ్యం మీద పైకప్పు నుంచి చుక్కలు. "ఇవేం నీళ్లు నాయనా?" అని అడిగారు పిన్నిగారు. మంచినీళ్లేనని చెబుదామనుకున్నాను. కానీ ఆవిడ అప్పటికే చెయ్యి వాసన చూసుకున్నారు. "చేపల తొట్టివండీ" అన్నాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. మళ్లీ స్నానానికి వెళ్లిపోయారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

నేల తుడిచాక వాల్వు విప్పి చూశాను. దాన్ని మూసే రేకు అంచున ఆవగింజంత నత్త గుల్ల ఇరుక్కుని ఉంది. అంతే! ఆ సందులోంచి నీరు వెనక్కి లాగుతూ, పైన పైపు మూతి గాలికి తేలేదాకా దిగింది. నా తొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు. అంటే ఒక్క సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు, పది దిగితే 54. సంపులో ఖాళీ ఉన్నది పాతిక లీటర్లకే. మిగిలినది మాస్టారి పూజగదికి. ఐదో తరగతి లెక్క. సరుకు అమ్మేవాడు ఈ లెక్క చెయ్యడు, మనమే చేసుకోవాలి. మన ప్రశ్నకు జవాబుగా ఇంకో వస్తువు అంటగట్టడమే అతనికి తెలిసిన విద్య.

ఇప్పుడు పైపు మూతి నీటిమట్టానికి ఒక్క సెంటీమీటరు కిందే ఉంది. నీటిని ఇలా వెనక్కి లాగే సైఫన్‌ను తెంచడానికి పైపుకు చిన్న రంధ్రం పెట్టమంటారు గానీ, అది పాచితో మూసుకుపోతుంది. నేను దాన్ని నమ్మను.

పనిలో పనిగా, సంపులోకి నీరు దిగే పైపు చేసే గుడగుడ చప్పుడు సంగతి కూడా తేల్చాను. కిందికి దిగే పైపుకు బాల్ వాల్వు బిగించి కొంచెం మూస్తే చాలని అదే మహానుభావుడు చెప్పాడు. ఒకే పైపు ఉన్నప్పుడు అలా చేస్తే, ఒక్క ఆకు అడ్డుపడినా పై తొట్టి పొర్లిపోతుంది. అందుకే అరలో ఉన్న రెండు రంధ్రాలనూ దిగే పైపులకే ఇచ్చి, మోటారు పైపును తొట్టి అంచు మీదుగా తెచ్చాను. పెద్ద పైపుకు గేట్ వాల్వు పెట్టాను. ఎత్తుగా ఉంచిన రెండో పైపు ఆపద్ధర్మానికి, దానికి వాల్వు ఉండకూడదు. బాల్ వాల్వు పావు చుట్టులో మొత్తం మూసుకుంటుంది, గేట్ వాల్వునైతే వెంట్రుకవాసి చొప్పున తిప్పవచ్చు. పావు చుట్టు తిప్పడం, పది నిమిషాలు ఆగడం, అరలో మట్టం చూడడం. రెండు సాయంత్రాలు పట్టింది. పెద్ద పైపు గాలి లేకుండా నిండుగా పారుతూ, రెండో దాంట్లోకి సన్నని ధార మాత్రమే జారితే కుదిరినట్టు. పెద్ద పైపు చివర సంపు నీటిలో అంగుళానికి మించి మునగకూడదు. మునిగితే మోటారు మళ్లీ మొదలైనప్పుడు లోపలి గాలి బయటికి పోదు.

డబ్బా మీద గంటకు 3000 లీటర్లని రాసి ఉన్న మోటారు, పైకి ఎక్కించేసరికి పది లీటర్ల బకెట్టు నింపడానికి 24 సెకన్లు తీసుకుంది. అంటే గంటకు 1500. తొట్టికి అది చాలు. చప్పుడు ఎంత తగ్గిందంటే, మా అత్తగారు రెండుసార్లు వచ్చి "మోటారు ఆగిపోయినట్టుంది" అన్నారు.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. టార్చి వేసుకుని సంపు ముందు కూర్చున్నాను. గాజు మీద మార్కరుతో గీసిన గీతకు రెండు వేళ్ల కింద నీరు ఆగింది. అంతలో ఫోను మోగింది, కింది నుంచి మాస్టారు.

"బాబూ, కరెంటు పోయింది. చూసుకుంటున్నారా?"