గోడకీ హ్యాచ్‌కీ ఒకటే లావా?

నిన్న ఆటోక్యాడ్‌లో (డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్) ఒక ప్లాన్ ప్లాట్ తీస్తే, అంటే ప్రింట్ కొడితే, గోడ గీత, హ్యాచ్ (లోపల నింపే గీతలు) గీత, డైమెన్షన్ (కొలత) గీత అన్నీ ఒకే లావులో వచ్చాయి. ఫైల్ నాది కాదు, వేరే ఆయన పంపింది. లేయర్లు (ఒక్కో రకం గీతలకి ఒక్కో పొర) చూస్తే గోడకి 0.50 మి.మీ., హ్యాచ్‌కి 0.13 మి.మీ. అని శుభ్రంగా పెట్టే ఉన్నాయి. రెండు గంటలు పోయాయి, అందుకే రాసి పెట్టుకుంటున్నా.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే లేయర్లో లైన్‌వెయిట్ (గీత లావు) పెంచుకుంటూ పోవడం. 0.70 చేశా, 1.00 చేశా, ప్రింట్‌లో ఏ మార్పూ లేదు. నేను మార్చే నంబర్‌ని ఎవరూ పట్టించుకోవట్లేదంటే పైన ఇంకెవరిదో పెత్తనం నడుస్తోందని అప్పుడే అర్థం కావాల్సింది. ఆటోక్యాడ్‌లో ఆ పెత్తనం సీటీబీ ఫైల్‌ది, అంటే రంగుని బట్టి ప్రింట్ ఎలా రావాలో చెప్పే ఫైల్‌ది. అందులో 255 రంగులకీ విడివిడిగా, ఏ రంగు గీత ఎంత లావులో, ఏ ఇంకులో పడాలో రాసి ఉంటుంది. లైన్‌వెయిట్ దగ్గర 'యూజ్ ఆబ్జెక్ట్ లైన్‌వెయిట్' అని ఉంటేనే లేయర్ మాట చెల్లుతుంది, అక్కడ ఏదైనా అంకె ఉందంటే లేయర్లో ఎంత పెట్టినా దండగే. తెరిచి చూస్తే ఎవరో మొత్తం 255 రంగుల్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి 0.25 కొట్టేసి ఉన్నారు.

స్క్రీన్ మీద మాత్రం గోడ లావుగానే కనిపిస్తుంటుంది, అదే మోసం. ఎల్‌డబ్ల్యూడిస్‌ప్లే (గీతల లావు స్క్రీన్ మీద చూపించే సెట్టింగ్) ఆన్ చేస్తే, మనం గీసే మోడల్‌లో కనిపించే లావు పిక్సెల్స్ లెక్క, జూమ్ చేసినా మారదు, దాన్ని చూసి ప్రింట్ ఎలా వస్తుందో ఊహించకూడదు. పీడీఎఫ్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. అక్రోబాట్ రీడర్ ప్రిఫరెన్సెస్‌లో, పేజ్ డిస్‌ప్లే కింద 'ఎన్‌హాన్స్ థిన్ లైన్స్' అని ఒక టిక్ ఉంటుంది, అది ఉంటే సన్న గీతలు ఉన్నదానికంటే లావుగా కనిపిస్తాయి. ఫైల్‌లో తప్పేమీ లేకపోయినా మనకి టెన్షన్.

సీటీబీ సరిచేశాక కూడా మెట్లు మాత్రం బూడిద రంగులోనే వచ్చాయి. పెట్టింది మోనోక్రోమ్ (అన్నీ నలుపులో తీసే సీటీబీ), అయినా నలుపు రాదేం? చూస్తే ఆ గీతలకి ట్రూ కలర్ (ఆర్‌జీబీ అంకెలతో ఇచ్చే రంగు) ఇచ్చారు. సీటీబీకి ఆ 255 ఇండెక్స్ (నంబర్లున్న) రంగులు తప్ప ఇంకేవీ తెలియవు, ట్రూ కలర్ దాని చేతికి చిక్కదు. సెట్‌బైలేయర్ కమాండ్ కొట్టి గీతల్ని లేయర్ రంగుకి తెచ్చా, లేయర్‌కి కూడా మామూలు రంగు ఇచ్చా, దారికొచ్చింది. నలుపే కానీ వెలిసిపోయినట్టు వస్తుంటే సీటీబీలో స్క్రీనింగ్ (ఇంకు ఎంత గాఢంగా పడాలో చెప్పే శాతం) 100 కంటే తక్కువ ఉందేమో చూడండి. ఒక్క గీతే మొండిగా లావుగా ఉంటే అది గ్లోబల్ విడ్త్ (గీతకే విడిగా ఇచ్చిన వెడల్పు) ఉన్న పాలీలైన్, అంటే ముక్కలన్నీ కలిసి ఒకే గీతగా ఉండేది, అయి ఉండొచ్చు, విడ్త్ ఉన్న పాలీలైన్ లైన్‌వెయిట్ మాట వినదు.

ప్లాట్ విండోలోని లిస్ట్‌లో సీటీబీలే కనిపించక అన్నీ ఎస్‌టీబీలు ఉంటే ఆ డ్రాయింగ్ నేమ్డ్ స్టైల్స్‌లో (రంగుని బట్టి కాక, పేరు పెట్టిన స్టైల్‌ని బట్టి ప్రింట్ అయ్యే పద్ధతి) ఉన్నట్టు. పీస్టైల్‌మోడ్ కొడితే 0 అని చెబుతుంది, కానీ అక్కడ 1 టైప్ చేసి మార్చడం కుదరదు, కన్వర్ట్‌పీస్టైల్స్ వాడాల్సిందే. ఇంకోటి, ఏ1 షీట్‌ని సగం సైజులో ఏ3 మీద తీస్తే గీతలన్నీ ముద్దగా వస్తాయి, లేఅవుట్ (ప్రింట్ షీట్ పేజీ) ప్లాట్‌లో 'స్కేల్ లైన్‌వెయిట్స్' టిక్ పెడితే లావు కూడా సగమవుతుంది.

అన్నీ అయ్యాక, మీ సీటీబీ ఇలా ఉందేంటండీ అని ఆయనకి ఫోన్ చేస్తే, "నా దగ్గర బాగానే వస్తోందే!" అన్నారు. నిజమే. డ్రాయింగ్ సీటీబీ పేరు మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది, లోపలి సంగతి కాదు. ఆయన నాకు డీడబ్ల్యూజీ (డ్రాయింగ్ ఫైల్) ఒక్కటే పంపారు. నా సిస్టమ్‌లో అదే పేరుతో పాత సీటీబీ ఒకటి పడి ఉంది, ఆటోక్యాడ్ కిక్కురుమనకుండా దాన్నే వాడేసింది. అసలు ఆ ఫైలే లేకపోయి ఉంటే పేరు పక్కన మిస్సింగ్ అని చూపించేది, నాకు రెండు గంటలు మిగిలేవి. ఆ 255 రంగులకీ 0.25 కొట్టిన మహానుభావుడు ఎప్పటి నేనో!

ఈట్రాన్స్‌మిట్‌తో మళ్లీ పంపమన్నా, అది సీటీబీని కూడా కలిపి ప్యాక్ చేస్తుంది. నా పాతదాని పేరు చివర తేదీ తగిలించా.