సుడి కనబడగానే బ్లూమ్ అనేయకండి

ఉపగ్రహ పటంలో సముద్రమట్టం చుట్టుపక్కల కన్నా పది సెంటీమీటర్లు తగ్గిన మచ్చ కనబడితే చాలు, ‘చల్లటి సుడి (గుండ్రంగా తిరిగే సముద్రపు నీరు), పోషకాలు పైకొస్తున్నాయి, ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే, మొక్కల్లాంటి సూక్ష్మజీవులు) ఒక్కసారిగా పెరుగుతుంది, అంటే బ్లూమ్ వస్తుంది’ అని రాసేస్తుంటారు. నడిసముద్రంలో ఈ లెక్క చాలాసార్లు నిలబడుతుంది. ఉత్తరార్ధగోళంలో గడియారానికి ఎదురుగా, దక్షిణార్ధగోళంలో గడియారం వైపుగా తిరిగే సుడి మధ్యలో అడుగు నీరు గుమ్మటంలా ఉబుకుతుంది. నైట్రేట్ అనే పోషకం ఉన్న పొర పదుల మీటర్లు పైకి జరుగుతుంది. అయితే పైన పడే వెలుతురులో కనీసం 1 శాతమైనా అందే లోతుకు ఆ పొర చేరాలి. అంతకు కిందే ఆగిపోతే సుడి ఎంత బలంగా తిరిగినా ఒరిగేదేమీ లేదు. పైగా ఈ ఉబకడం సుడి పుట్టి బలపడే రోజుల్లోనే ఎక్కువ. సుడి నీరసించేటప్పుడు అదే పొర తిరిగి దిగిపోతుంది.

తీరం దగ్గర కథ తిరగబడొచ్చు. కాలిఫోర్నియా, పెరూ లాంటి చోట్ల గాలి వల్లే అడుగు నీరు పైకొస్తుంది, పోషకాలకు కొదవ ఉండదు. అక్కడ సుడులు చేసే పని, ఆ పోషకాలు పూర్తిగా వాడకంలోకి రాకముందే వాటిని బయటి సముద్రానికి లాక్కెళ్లి కిందికి తోసేయడం. సుడులు ఎక్కువైతే ఉత్పత్తి తగ్గుతుంది.

ఉపగ్రహ చిత్రంలో సుడి అంచున పచ్చటి చార కనబడితే అది అక్కడే పెరిగిందనుకోవద్దు. తీరపు నీరు అంచును పట్టుకుని పోతుండవచ్చు. వారం రోజుల చిత్రాలు వరుసగా పెట్టి, లవణీయత (నీటి ఉప్పదనం) కూడా చూస్తే తేలిపోతుంది. నదీముఖాల దగ్గర బురద, కరిగిన సేంద్రియ పదార్థం కూడా ఉపగ్రహానికి ఫైటోప్లాంక్టన్‌లోని ఆకుపచ్చ పదార్థమైన క్లోరోఫిల్‌లాగే కనిపిస్తాయి.

నైట్రేట్ ఒక్కటే కొలిచి ఆగిపోవడం నాకు నచ్చని అలవాటు. డయాటమ్‌లు నైట్రేట్‌తో దాదాపు సమానంగా సిలికేట్ అనే మరో పోషకాన్నీ తీసుకుంటాయి; ఇవి గాజులాంటి గుల్ల ఉండే ఫైటోప్లాంక్టన్. సిలికేట్ లీటరుకు 2 మైక్రోమోల్‌ల కన్నా తగ్గితే వాటి ఆధిక్యం పోయి ఫ్లాజెల్లేట్లు (తోకలాంటి పోగుతో ఈదే సూక్ష్మజీవులు) ముందుకొస్తాయి. మొత్తం క్లోరోఫిల్ మారకపోయినా దాన్ని తినే జీవులకు మేత మారిపోతుంది.

నీటి నమూనాల సీసాలు 10, 20, 50 మీటర్ల లోతులో మూయాలని ముందే రాసుకుంటే అసలు పొర తప్పిపోతుంది. కొలిచే పరికరం నీటిలోకి దిగేటప్పుడు ఫ్లోరెసెన్స్ (క్లోరోఫిల్ వెలువరించే కాంతి) శిఖరం ఎక్కడుందో చూసుకుని, పైకొచ్చేటప్పుడు అక్కడ సీసా మూయాలి. మిట్టమధ్యాహ్నం ఎండకు పైపొర ఫ్లోరెసెన్స్ పడిపోయి, లేని శిఖరం ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే నీటిని 0.7 మైక్రాన్ గాజునార వడపోత మీద పట్టి, 90 శాతం అసిటోన్‌లో చీకట్లో, చల్లగా రాత్రంతా ఉంచి తీసిన క్లోరోఫిల్‌తో సరిచూడాల్సిందే. నైట్రేట్ నమూనాను గడ్డకట్టించి దాచొచ్చు. సిలికేట్‌ది మాత్రం గడ్డకడితే పాలిమర్ అయి తక్కువ చూపిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా కొలవండి.