నాయన బుల్లెట్ ఇంజను: పిస్టన్ క్లియరెన్సూ, కంప్రెషన్ రేషియో కొలిచిన నా అనుభవం

పిస్టన్ చేతిలో లేకుండా సిలిండర్‌ను రీబోర్‌కు ఇవ్వకండి. పాత బండి ఇంజను విప్పాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. రీబోర్ అంటే అరిగిన సిలిండరు లోపలి గోడను చెక్కి కాస్త వెడల్పు చేయడం.

మాది అనంతపురం. మా నాయన బుల్లెట్ 350 ఎనభైల నాటిది. కుడివైపు గేరు, పోత ఇనుప సిలిండరు. శెనక్కాయల కాలంలో చేనికీ మండీకీ దాని మీదే తిరిగేవాడు. ఆయన పోయాక చాలాకాలం షెడ్డులోనే ఉండిపోయింది. కిక్కు కొడితే స్టార్టయ్యేది గానీ నీలం పొగ ఆగేది కాదు, కాస్త ఎత్తు వస్తే బలం చాలేది కాదు. ఇంజను దించి హెడ్డు, అంటే సిలిండరు పై మూత, తీశాం. సిలిండరు పైభాగంలో వేలు పెట్టి కిందికి జార్చితే చిన్న మెట్టు తగిలింది. పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లో పైది ఆగి వెనక్కి తిరిగే చోటు అది. ఏ సిలిండరైనా ఎక్కువగా అరిగేది అక్కడే.

"యాభై ఓవర్‌సైజుకు బోరు కొట్టిస్తే సరిపోతాదప్పా, పిస్టన్ తర్వాత తెచ్చుకోవచ్చు" అన్నాడు మేస్త్రీ. బోరు అంటే సిలిండరు లోపలి వెడల్పు. యాభై ఓవర్‌సైజు అంటే అసలు సైజు కంటే 0.50 మి.మీ. పెద్దది. నాయన కాలం నుంచి మా బండి చూసేది ఆయనే. ఆయన చేతిపని మీద నాకు గౌరవం ఉంది. అయినా, "అన్నా, ఒకసారి కొలిచి చూద్దాం. ఆ తర్వాత నువ్వెట్లా చెప్తే అట్లా" అన్నాను.

పాలిటెక్నిక్‌లో పనిచేసే స్నేహితుడి దగ్గర సిలిండరు లోపలి వెడల్పు కొలిచే డయల్ బోర్ గేజీ, 50-75 మి.మీ. మైక్రోమీటరూ దొరికాయి. ఈ పనికి వెర్నియర్ చాలదు. సిలిండరు లోపల దాన్ని నిటారుగా పట్టుకోవడమే కష్టం, మనకు కావలసిందేమో మిల్లీమీటరులో నూరో వంతు. బోర్ గేజ్‌ను ముందు మైక్రోమీటర్ మధ్య పెట్టి సున్నా సెట్ చేసుకోవాలి. లోపల పెట్టాక ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతూ ముల్లు వెనక్కి తిరిగే చోట వచ్చే కనిష్ఠ కొలతనే రాసుకోవాలి. పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ప్రతిచోటా పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్ను దిశలో ఒకటి, దానికి అడ్డంగా ఒకటి. కొత్త సిలిండరైతే 70.00 ఉండాలి. మాది కింద 70.05 ఉంటే పైన అడ్డంగా 70.22 ఉంది. 0.25 ఓవర్‌సైజుకు పోతే ఆ అరుగుదల పూర్తిగా పోయేది కాదు. కాబట్టి మేస్త్రీ చెప్పిన యాభై సరైనదే. అయితే 'యాభై' అనేది పెట్టె మీది పేరు మాత్రమే.

ఆ పేరుతోనే బెంగళూరు జేసీ రోడ్డులో రెండు పిస్టన్లు చూశాను. ఒకే కంపెనీ, ఒకే సైజు. మైక్రోమీటరు పెడితే ఒకటి 70.42, ఇంకొకటి 70.44. పిస్టన్ చూడటానికి గుండ్రంగా ఉంటుంది గానీ నిజానికి కాస్త కోలగా ఉంటుంది. తల వైపు సన్నం, కింద లావు, ఎందుకంటే మంట తగిలే తల ఎక్కువ వేడెక్కి ఎక్కువ ఉబ్బుతుంది. అందుకని స్కర్ట్ (రింగులకు కింద ఉండే పిస్టన్ గోడ) కింది భాగంలో, పిన్నుకు అడ్డంగా కొలవాలి. ఎక్కడ పడితే అక్కడ కొలిస్తే ఏ అంకె కావాలంటే ఆ అంకె వస్తుంది. నేను 70.42 ఉన్నది తెచ్చుకున్నాను.

ఇక పిస్టన్‌కూ సిలిండరు గోడకూ మధ్య సందు, అంటే క్లియరెన్సు, ఎంత ఉండాలి? పోత ఇనుప సిలిండరులో అల్యూమినియం పిస్టన్‌కు పాత లెక్క ఒకటుంది: అంగుళం బోరుకు ఒక థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 70 మి.మీ. అంటే రెండుముప్పావు అంగుళాలు కాబట్టి రెండుముప్పావు థౌ, అంటే 0.07 మి.మీ. వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెండింతలు ఉబ్బుతుంది, పైగా పిస్టన్ సిలిండరు కంటే వేడిగా ఉంటుంది. సందు తగ్గితే ఎండలో హైవే మీద పోతుండగా ఇంజను పట్టేస్తుంది. ఎక్కువైతే పిస్టన్ గోడలకు కొట్టుకుంటుంది, రింగులు సరిగా ఆనవు, ఆయిల్ కాలుతుంది.

మా ఊళ్లో ఈ కొలత తీసేవాళ్లు ఎండను లెక్కలోకి తీసుకోక తప్పదు. మే నెల మధ్యాహ్నం సిలిండరు నీడలో ఉండి, పిస్టన్ షాపు ముందు బెంచీ మీద ఎండకు కాగుతుంటే రెండింటికీ 20 డిగ్రీల తేడా సులభంగా వస్తుంది. ఆ 20 డిగ్రీలకే 70 మి.మీ. పిస్టన్ 0.03 మి.మీ. పెరుగుతుంది. మనం వదలాల్సిన మొత్తం సందే 0.07 అయినప్పుడు అందులో సగానికి దగ్గరైన తేడా ఇది. ఆ అంకెను నమ్మి బోరు కొట్టిస్తే, పిస్టన్ చల్లబడ్డాక సందు 0.10 తేలుతుంది. అందుకే సిలిండరు, పిస్టను, మైక్రోమీటరు మూడింటినీ రాత్రంతా ఒకే గదిలో పక్కపక్కన పెట్టి, తెల్లవారుజామున కొలిచాను. పిస్టన్‌ను అరచేతిలో ఎక్కువసేపు పట్టుకోకుండా గుడ్డతో పట్టుకున్నాను.

లేత్ షాపుకు పిస్టన్‌తో పాటే సిలిండరు పట్టుకుపోయి, '70.49, హోనింగ్ అయ్యాక' అని చీటీ రాసి ఇచ్చాను. హోనింగ్ అంటే బోరు కొట్టాక రాళ్లతో లోపలి గోడను సన్నగా గీతలు పడేలా అరగదీయడం. ఆ మాట తప్పకుండా రాయాలి. బోరింగ్ టూలుతోనే 70.49కి తెచ్చేస్తే హోనింగ్ అయ్యేసరికి ఆ సైజు దాటిపోతుంది. సిలిండరు వచ్చాక మళ్లీ గేజ్ పెట్టాను. పైనుంచి కింద దాకా 70.49, 70.50 మధ్య నిలిచింది. రింగును పిస్టన్‌తో బోరులోకి సమంగా నెట్టి దాని మూతి సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెడితే 0.30 దూరింది, సరిపోతుంది. తర్వాత సిలిండరును సబ్బు నీళ్లతో, బ్రష్షుతో బాగా రుద్ది కడిగాను. కిరసనాయిలుతో కడిగితే హోనింగ్ పొడి గీతల్లోనే ఉండిపోతుంది. నూనె రాసిన తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకు బూడిదరంగు అంటనంత వరకూ కడుగుతూనే ఉండాలి.

ఇంజను సగం బిగించాక మేస్త్రీ, "హెడ్డు అర మిల్లీ ఫేసింగ్ చేయిద్దామప్పా, పికప్ వస్తాది" అన్నాడు. ఫేసింగ్ అంటే హెడ్డు అడుగు ముఖాన్ని చెక్కడం. అప్పుడు కంప్రెషన్ రేషియో కొలవాలనిపించింది. పిస్టన్ కింద ఉన్నప్పుడు దాని పైనున్న చోటు, పైకొచ్చాక మిగిలే చోటుకు ఎన్ని రెట్లో చెప్పేదే ఈ రేషియో. దీన్ని సిలిండరులో ఒత్తిడి చూపే గేజ్‌లో కనిపించే పీఎస్‌ఐతో కలపకూడదు. పీఎస్‌ఐ కిక్కు ఎంత గట్టిగా కొట్టాం, యాక్సిలరేటర్ ఎంత తెరిచాం అన్నదాన్ని బట్టి మారుతుంది. రేషియో మాత్రం ఇంజను ఆకారంలోనే ఉంటుంది.

బోరు 70.5, స్ట్రోకు (పిస్టన్ కిందినుంచి పైకి కదిలే దూరం) 90 మి.మీ. అయితే పిస్టన్ ఊడ్చే చోటు 351 సీసీ. స్టాండర్డ్ బోరులో ఇదే 346. ఇక పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటును ద్రవం పోసి కొలవాలి. పిస్టన్ ఎక్కించే ముందు పై అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి, రింగుల పక్కనుంచి కారకుండా చూసుకున్నాం. వాల్వులు రెండూ మూసి ఉండేలా పిస్టన్‌ను కంప్రెషన్ టీడీసీకి, అంటే గాలిని నొక్కుతూ అది అన్నిటికంటే పైకి చేరే చోటుకు తెచ్చాం. పైకొచ్చాక పిస్టన్ కాసేపు దాదాపు కదలదు కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఈ కొలతకు నష్టం లేదు. ప్లగ్గు రంధ్రం వాలుగా ఉంటుంది, అందుకే ఇంజన్‌ను బెంచీ మీద వంచి ఆ రంధ్రమే అన్నిటికంటే పైకి వచ్చేలా చెక్కలు పెట్టాం. కాలేజీ ల్యాబులో వాడే బ్యూరెట్‌తో, కిరసనాయిల్లో కాస్త ఇంజనాయిల్ కలిపి సన్నధారగా వదిలాం. లోపల గాలి బుడగ చిక్కుకుంటే కొలత తక్కువ వస్తుంది. అందుకని ఇంజన్‌ను మెల్లగా కదిలిస్తూ, బుడగలు రావడం ఆగాక నింపాం. రంధ్రం అంచుకు వచ్చేసరికి 61.7 సీసీ పట్టింది. మామూలుగా ప్లగ్గు మరలు కూర్చునే చోటు దాదాపు 1.7 సీసీ, అది తీసేస్తే 60.

351కి 60 కలిపి, 60తో భాగిస్తే 6.85. పాత బుల్లెట్‌కు మంచి రేషియోనే. అప్పటి పెట్రోలుకు తగ్గట్టు ఈ ఇంజన్లను తక్కువ కంప్రెషన్‌తోనే చేశారు. ఇప్పటి క్లాసిక్ 350కి 9.5 ఉంటుంది గానీ ఆ ఇంజనే వేరు. హెడ్డు అర మిల్లీ దించితే పోయేది దాదాపు 2 సీసీ. రేషియో 7.05 అవుతుంది. ఇంతకే పికప్‌లో తెలిసేంత మార్పు రాదు, తీసేసిన లోహాన్ని మళ్లీ అతికించలేం. ఎప్పుడైనా రేషియో తగ్గించాలంటే ఒక మిల్లీ మందం గ్యాస్కెట్ ఎక్కువ వేస్తే 4 సీసీ పెరుగుతుంది, అది తిరిగి తీసేసుకోగలిగిన పని. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మేస్త్రీ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "అయితే హెడ్డు ముట్టుకోవద్దులే" అన్నాడు.

మొదటి 500 కిలోమీటర్లు తాడిపత్రి రోడ్డులో పొద్దున పూటే, ఒకే స్పీడులో కాకుండా మారుస్తూ నడిపాను. పొగ పోయింది. చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే పిస్టన్ టక్‌టక్‌మని సన్నగా వినిపిస్తుంది, రెండు వీధులు తిరిగేసరికి ఆగిపోతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు 0.07 సందు చేసే చప్పుడే అది. పిస్టన్ వేడెక్కితే సందు నిండుతుంది, చప్పుడు పోతుంది. వేడెక్కాక కూడా ఆగలేదంటే హెడ్డు విప్పి మళ్లీ బోర్ గేజ్ పెట్టాలి.