నలభై నిమిషాలు

మొన్న రాత్రి రెండింటికి ఎవరో మా వెనక తలుపు గడియ కదిలించారు. ఇంట్లో నేను, అమ్మ మాత్రమే. 112కి ఫోన్ చేస్తే వెంటనే ఎత్తారు, అడ్రస్ రాసుకున్నారు. పోలీసు బండి వచ్చేసరికి మాత్రం నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ అమ్మ నా చెయ్యి వదల్లేదు. టెన్షన్‌తో నాకు గొంతు పెగల్లేదు.

మమ్మల్ని కాపాడింది ఎదురింటి బాబాయిగారు. ఫోన్ చేయగానే లైట్లన్నీ వేసి, "ఎవర్రా అక్కడ?" అని గట్టిగా కేకేశారు. గోడ దూకిన చప్పుడు వినిపించింది.

వచ్చిన కానిస్టేబుల్ మంచివాడే. రాత్రి ఇంత ఏరియాకీ ఒక్కటే బండి అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. మనుషుల్ని, బండ్లను ఇవ్వని వాళ్ల మీద ఉంది.

మర్నాడే వెనక తలుపుకి ఇనుప అడ్డగడియ పెట్టించాను. నాలుగిళ్ల నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాను. అమ్మది బటన్ల ఫోన్. అందులో 5 గానీ 9 గానీ నొక్కిపట్టుకుంటే 112కి కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుందని చూపించాను. స్మార్ట్‌ఫోన్‌లో అయితే పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు, కొన్ని ఫోన్లలో ఐదుసార్లు నొక్కాలి. మీ ఫోన్‌లో అది పనిచేస్తుందో లేదో సెట్టింగ్స్‌లో ఈ రోజే చూసుకోండి. ముఖ్యంగా ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఫోన్లలో.